చేతికి తేలికైన కట్టె

మాదేశ్ చేతిలోని వెదురు కట్టెను ఆ కొత్త మనిషి లాక్కున్నాడు. చేత్తో ఎత్తి బరువు చూసినాడు. పక్కనున్న పొదల్లోకి విసిరేసినాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు బిత్తరపోయినారు.

"ఇది వద్దప్పా. కృష్ణగిరి దాకా దీన్ని మోస్తే భుజం ఊడొస్తుంది," అన్నాడు ఆయన.

2006 ఎండాకాలం. అంచెట్టి కొండల్లోని ఆ ఊరికి రోడ్డు లేదు. ఓట్లు మాత్రం ఉన్నాయి. కాన్పు కష్టమైతే ఆడమనిషిని దుప్పట్లో వేసి, బొంగుకు కట్టి, మోసుకుని కొండ దిగాల. దిగేలోపలే కొందరు చచ్చిపోతారు. అందుకే ఊరంతా కృష్ణగిరి కలెక్టరు దగ్గరికి నడిచిపోవాలని లేచింది.

నడిపించేది మాదేశ్. 1994లో ఇదే రోడ్డు కోసం ధర్మపురికి నడిచినారు, అప్పటికి జిల్లా అదే. అప్పుడు ముందు నడిచింది వాళ్ళ నాయన వెంకటప్ప. దారిలో పోలీసులు అడ్డం పడినారు. లాఠీ దెబ్బకు తల పగిలి వెంకటప్ప ఆడనే పోయినాడు. కట్టెలతో మీదికొచ్చినారు, అందుకే కొట్టినామని పోలీసులు రాసుకున్నారు. రోడ్డు మాట అంతటితో మట్టిలో కలిసింది.

ఈసారి ఊరికే దెబ్బలు తినేది లేదని మాదేశ్ లావు వెదుర్లు కొట్టించినాడు. అది ఏనుగులు తిరిగే కొండ. మగోడి చేతిలో కట్టె లావుగా ఉండాల. సన్నకట్టె పట్టుకుంటే మేకలు తోలేవాడని నవ్వుతారు.

కొత్త మనిషి పేరు ఈరప్ప. అరవై దాటినట్టుండాడు. ఉండేది హోసూరులోనంట. కొండలెక్కి తిరిగేది అలవాటంట. నడక సంగతి విని తానూ వస్తానని వచ్చినాడు. చేతిలో రెండు అల్యూమినియం కట్టెలు. తిప్పితే పొడుగవుతాయి, మళ్ళా తిప్పితే ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. బెంగుళూరులో కొండలెక్కేవాళ్ళకు అమ్ముతారంట.

ఆ రెండింటినీ మాదేశ్ తల్లి అంజినమ్మ చేతుల్లో పెట్టినాడు. మోచెయ్యి మడిస్తే ఎంత ఎత్తో అంతకు సర్దినాడు. కట్టెకుండే పట్టీని మణికట్టుకు తగిలించినాడు.

"మరి నీకు కట్టె వద్దా అప్పా?" అన్నది ఆమె.

"నాకొద్దమ్మా."

మొదటి రోజు డెంకణికోట చేరేసరికి లావు వెదుర్లు మోసినోళ్ళ చేతులు పైకి లేవలేదు. ఈరప్ప కొడవలి తీసుకుని సన్నవెదుర్లు కోసుకొచ్చినాడు. ఒక్కొక్కదాన్నీ వంచి చూసినాడు, పగిలేది పారేసినాడు. అడుగున సైకిలు ట్యూబు ముక్క చుట్టినాడు. ముందు ఆడోళ్ళు తీసుకున్నారు. తర్వాత మొగోళ్ళు కూడా సిగ్గు విడిచి చెయ్యి చాపినారు.

మాదేశ్‌కు ఒళ్ళు మండింది.

రెండో రోజు రాయకోటలో టీ అంగడి దగ్గర ఈరప్ప ఒక కానిస్టేబులుతో మాట్లాడుతూ కనిపించినాడు. అంతే. మాదేశ్ పోయి చొక్కా పట్టుకున్నాడు.

"ఎవరు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదప్పా."

"మా చేతుల్లో కట్టెలు పీకేసి, ఆడ మమ్మల్ని గొడ్లను బాదినట్టు బాదించాలని కదా?"

"కట్టె లావుగా ఉంటే వాళ్ళకే మంచిదప్పా."

మాదేశ్ ఆయన చెంప పగలగొట్టినాడు. ఈరప్ప చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అంజినమ్మ వచ్చి కొడుకును వెనక్కి లాగింది. ఈరప్ప ఆమెకు దండం పెట్టి, తన కట్టెలు అడగకుండానే, కుంటుకుంటా పోయి హోసూరు బస్సెక్కినాడు.

మళ్ళా లావు కట్టెలు పట్టమని మాదేశ్ అరిచినాడు. ఒక్కరూ వినలేదు.

"నువ్వే మొయ్యప్పా. ఏనుగొస్తే పిలుస్తాం," అన్నది చంటిబిడ్డను ఎత్తుకుని నడిచే అంబిక. అందరూ నవ్వినారు.

మాదేశ్ పంతానికి ఇంకో లావు వెదురు కొట్టుకుని ఒక్కడే మోసినాడు. కృష్ణగిరి దగ్గర పడేసరికి వాడి భుజమూ వాచింది. ఎవరూ చూడనప్పుడు కట్టెను కాలవలో పడేసినాడు.

కలెక్టరాఫీసు ముందర పోలీసులు తలకు టోపీలు, చేతుల్లో డాళ్ళతో బారుగా నిలబడి ఉండారు. ఇన్‌స్పెక్టరు ఎవరి మొగాలూ చూడలేదు, చేతులు చూసుకుంటా వచ్చినాడు. అంజినమ్మ కట్టెను అడిగి తీసుకుని రెండు వేళ్ళతో పైకెత్తినాడు. తిరిగిచ్చేసి, ఇవి నడిచే కట్టెలు, దారి విడవండని తన వాళ్ళకు చెప్పినాడు.

పక్కనున్న పోలీసొకడు మాదేశ్ చెవిలో అన్నాడు.

"బతికిపోయినారప్పా. లావు కట్టెలతో వస్తుండారని చెప్పినారు మాకు. కనిపిస్తే కొట్టమని ఆర్డరు."

మాదేశ్ ముందుకు చూసినాడు. ముందు వరసలో వాళ్ళమ్మ ఉంది. అంబిక ఉంది. ఆమె చంకలో బిడ్డ ఉంది.

కలెక్టరు మెట్లు దిగి వచ్చి, రోడ్డుకు సర్వే ఆ నెలలోనే మొదలుపెడతామని అందరి ముందర చెప్పినాడు. ముసిలోళ్ళు కూడా ఏడ్చినారు. మాదేశ్ తల్లి దగ్గరికి పోయినాడు.

"అమ్మా, నేను హోసూరు పోతా. ఆయప్ప యాడుండేదీ వెతికి పట్టుకుంటా. కాళ్ళు పట్టుకుని ఊరికి పిల్చుకొస్తా. మన రోడ్డుకు మొదటి తట్ట మన్ను ఆయప్పే వెయ్యాల."

"రాడురా ఆయప్ప."

"కొట్టినానని కోపమా?"

అంజినమ్మ కట్టెలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు కొట్టింది ఆయప్పకు లెక్కే కాదు. ఇవి నా చేతికిచ్చే ముందరే చెప్పినాడు, ఆ పొద్దు ధర్మపురి దారిలో మీ నాయన తల మీద లాఠీ వేసింది తానేనని."