జివ్వుమనే సముద్రం

సముద్రం జివ్వుమంటుందని నరసరావుపేటలో అందరికంటే ముందు తెలిసింది రాఘవమ్మకే.

ఆమె భర్త లక్ష్మీనరసయ్యకు బట్టల కొట్టు. సరుకు కోసం మద్రాసు వెళ్ళి, ఎవరో వాడిన అద్దాల తొట్టి, దానికి గాలి ఊదే కరెంటు మోటారు, నాలుగు రంగుల చేపలు వెంటబెట్టుకొచ్చాడు. బాపట్ల నుంచి డబ్బాలతో సముద్రపు నీళ్ళు తెప్పించాడు.

ఆ నీళ్ళలో వేలు పెడితే జివ్వుమనేది.

"ఉప్పు గదా, కొరుకుతది" అని రాఘవమ్మ అందరికీ విడమరిచి చెప్పేది. సముద్రం ఎరగని వీధి వీధంతా వచ్చి, తలా ఒక వేలు ముంచి, మురిసిపోయి వెళ్ళింది.

ఆ ఉదయం కూతురు రామతులసి తొట్టి కడగడానికి తడి గచ్చు మీద నిలబడి, మోచేతి దాకా ముంచబోతోంది.

"ముట్టుకోవద్దమ్మా."

గుమ్మంలో ఎవరో పెద్దాయన. అడగకుండానే లోపలికొచ్చి గోడ నుంచి ప్లగ్గు పీకేశాడు.

"ఏందయ్యా ఇది? ఎవరు నువ్వు? గాలాడక చేపలు చస్తయ్యి గదా" అంది రాఘవమ్మ.

"నీళ్ళు జివ్వుమంటున్నాయా తల్లీ?"

"సముద్రం నీళ్ళు అట్నే ఉంటయ్యి."

"నేను సముద్రం ఒడ్డున పెరిగినవాణ్ణి. సముద్రం ఎవరినీ కొరకదు. అది కరెంటు. ఉప్పునీళ్ళలో ఇంకా తేలిగ్గా పారుతుంది. కొత్త మోటారు పెట్టినా వైరు ప్లగ్గు కంటే కిందకి వేలాడాలి. కారిన బొట్టు ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడిపోవాలి. ఈ మోటారు మాత్రం నాకిచ్చెయ్యండి..."

"అదా సంగతి. మోటారు కోసం వచ్చావా?"

"కాదమ్మా, మా ఇంట్లో..."

"మీ ఇంటి సంగతులు మాకెందుకయ్యా? నడువు."

ఆయన ప్లగ్గు మళ్ళీ పెట్టొద్దని తులసికి రెండుసార్లు చెప్పి వెళ్ళిపోయాడు.

కోపం తగ్గాక రాఘవమ్మకు కుతూహలం పట్టుకుంది. వేలు ముంచింది. ఏమీ లేదు. చెయ్యంతా ముంచింది. ఉత్త చల్లటి నీళ్ళు.

ఆమెకు చానా సిగ్గేసింది. మోచేతి దాకా ముంచబోయిన కూతురి వంక చూసింది.

"తులసీ, ఆయన్ను పిలవవే."

తులసి వీధి చివరిదాకా పరిగెత్తింది. ఆయన ఎక్కిన గుంటూరు బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం లక్ష్మీనరసయ్య మద్రాసు నుంచి వచ్చిన కార్డు చదివి వినిపించాడు. తొట్టి అమ్మిన కొట్టువాళ్ళు రాశారు.

"తొట్టినీ మోటారునూ బంధువులు తనకు చెప్పకుండా అమ్మేశారని చెప్పి, వాటి పాత ఓనరు మీ అడ్రసు పట్టుకెళ్ళారు. ఆ తొట్టిలో చెయ్యి పెట్టబట్టే ఆయన భార్య పోయిందట."