నల్లమందు మీద చాయ్

"ఆ చెంబు ఇటు తే!" నర్సింగమ్మ బావి ఒడ్డున కోడలికి అడ్డం నిలబడింది. "పొద్దుగాల నల్లమందు మింగిండు. దాని మీద గీ పాలు లేని చాయ్ ఎన్నిసార్లు పోస్తవే?"

"నేను పోస్తున్ననా అత్తా? నీ కొడుకే అడుగుతున్నడు," అంది అండాలు. "ఉత్త మందేస్తే నిద్రొస్తదట. మీద చాయ్ తాగితే నిద్ర రాదు, నడుంనొప్పి తెల్వది. జడ్చర్లల లారీలోళ్లు గట్లనే చేస్తరట."

"నొప్పి లేదు, నిద్ర లేదు. ఇగ వాని పెయ్యికి ఆగుమని చెప్పేదెవరే?"

బావిలోంచి కాటమయ్య కేక వేశాడు. "చాయ్ పంపుతరా, నన్నే పైకి రమ్మంటరా?"

అండాలు చెంబును తాడుకు కట్టి దించింది.

తవ్వుతున్న బావిలో అడుగున బండ తగిలిందని కూలీలు మానుకుని పోయారు. పక్కన మిరపతోట నిలువునా వాడిపోతోంది. నీళ్లు పడితే గంగమ్మకు కోస్తామని మొక్కిన యాట వేపచెట్టు కింద కట్టేసి ఉంది. కాటమయ్య ఒక్కడే దిగి ముగ్గురి పని చేస్తున్నాడు. సమ్మెట దెబ్బలకు ఒడ్డు అదురుతుంటే, నిన్నటిదాకా నడుం పట్టి మంచం దిగలేని మనిషేనా ఇతడు అని అండాలుకు ఒళ్లు జలదరించింది.

పక్క చెలక రైతు భిక్షంతో కలిసి ఆమె రాళ్లగంప లాగుతోంది. సగం దూరం వచ్చాక గంప ఒరిగింది. గుండంత రాయి జారి లోపలికి పడింది.

"ఏమయ్యో! తగిలిందా?"

"లేదే. పక్కకు పడ్డది. గంప దించు జల్ది!"

గొంతులో వణుకన్నా లేదు. అండాలు ఊపిరి పీల్చుకుంది. "చూసినవా అత్తా, జర్రంత బెదరలే!"



సమ్మెట మళ్లీ మోగింది. మోగి మోగి, ఉన్నట్టుండి బురదలో పడ్డట్టు చప్పుడు మారింది.

"గంగొచ్చింది! గంగొచ్చిందే!"

చెలకల్లో ఉన్నవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. కాటమయ్య ఒక చేత్తో తాడు, ఒక చేత్తో చాయ్ చెంబు పట్టుకుని, గోడకు చెక్కిన మెట్ల మీదుగా పైకి వచ్చాడు. చెంబు నిండా నీళ్లు. దేవుడు పూనిన మనిషికి ఇచ్చినట్టు జనం దారి ఇచ్చారు. భిక్షం చేతులు జోడించాడు. కాటమయ్య తిన్నగా నడిచి వెళ్లి తల్లి కాళ్ల మీద ఆ నీళ్లు పోశాడు.

తల్లి అతని కుడిపాదం వైపే చూస్తోంది. అండాలు చేతిలోంచి తాడు జారిపోయింది. వేపచెట్టు కింద యాట తీరిగ్గా ఆకులు నములుతోంది.

అందరూ ఎటు చూస్తున్నారా అని కాటమయ్య వెనక్కి తిరిగాడు. బావి అంచు నుంచి తన దాకా పరుచుకున్న నెత్తురు చూసి, ముఖం వెలిగిపోతుండగా అడిగాడు.

"అప్పుడే యాటను కోసిన్రా?"