ఒకే పేరుతో ఇద్దరు

పదకొండింటికి ఆపరేషన్. మెదడు మీద కత్తి పెట్టే ముందు మనిషి జ్ఞాపకాలన్నీ, ఇంటికొక్కటే ఇచ్చే హార్డ్ డిస్కులోకి ఎక్కించి ఆసుపత్రికి అప్పగించాలన్నది అప్పటికి అన్ని ఊళ్లలోనూ రూలు. కానీ వీరేశం తొమ్మిదేళ్ల కూతురు కనకమ్మ జ్ఞాపకాలు ఆ ఇంటి డిస్కులోకి ఎక్కడం లేదు. మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ మొదట్లోనే ఆగిపోయాయి.

మెకానిక్ మస్తాన్‌బీ కేబుల్ మార్చింది. డిస్కులో ఖాళీ ఎంతుందో చూసింది. చివరికి తలెత్తింది.

"కనకమ్మ పేరుతో ఇందులో ఇంకొకరున్నారన్నా."

"మా అమ్మ. పోయి పదేళ్లయింది. ఆమె పేరే పాపకు పెట్టుకున్నాం."

"అదే తంటా. ఒకే పేరుతో ఇద్దర్ని ఉంచదిది. పాతది చెరిపెయ్యమంటోంది."

"చెరిపితే ఇంకెక్కడా లేదమ్మా ఆమె!"

"అయితే ఆమె పేరు మార్చన్నా. పాపది మారిస్తే ఆసుపత్రోళ్లు ఒప్పుకోరు. తొందరగా చెప్పు, ఆమెకి ఇంకో పేరేముంది?"

పది దాటింది. వీరేశం తల్లిని జీవితమంతా ఒక్క పేరుతోనే పిలిచాడు. "అమ్మ" అని కొట్టాడు.

డిస్కు కాసేపు ఆగి, పాపను ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.