గాజుపెట్టెలో కాగితం

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దాను. రాయడమూ నెమ్మదే, చదవడమూ నెమ్మదే.

మా ఆయన ఈ పెద్ద స్టేషన్‌లో పాయింట్స్‌మన్. లివర్ లాగి బండిని పట్టాలు మార్చే పని. ఒక సాయంత్రం ప్యాసింజరు వెళ్లి ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. పోయినవాళ్లలో ఆయనా ఉన్నాడు. తాగి తప్పు లివర్ లాగాడని లోకం కోడై కూసింది. చుక్క ముట్టని మనిషి. ఆ రోజు పంటినొప్పికి బుగ్గన లవంగం పెట్టుకుని వెళ్లాడు, అంతే.

విచారణకు వచ్చిన పెద్దసారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మీ ఆయన తప్పేం లేదని రాశామమ్మా. వేలిముద్ర వెయ్యి."

గుమాస్తా తన రుమాలుతోనే నా వేలి సిరా తుడిచాడు. మర్నాడే వెయిటింగ్ రూమ్ ఊడ్చే ఉద్యోగమిచ్చారు. దేవుళ్లనుకున్నాను.

మావాడు నమ్మలేదు. బళ్లో 'తాగుబోతు కొడుకు' అనిపించుకుని పెరిగాడు. తండ్రి ఫొటో గోడకు తగిలించనివ్వలేదు.

"కాగితంలో ఉందిరా!"

"నువ్వు చదివావా?"



స్టేషన్‌కు నూరేళ్లు నిండాయని పాత లాంతర్లు, టికెట్లు, ఫైళ్లు గాజుపెట్టెల్లో పెట్టారు. అద్దం తుడుస్తుంటే ఒక కాగితం మీద నా వేలిముద్ర కనిపించింది. చిన్నప్పుడు కత్తికి తెగిన గాటు అడ్డంగా ఉంది, నాదే. ఎవరినీ చదవమనలేదు. నేనే చదివి వాడికి వినిపించాలని పంతం. రెండేళ్లు బుక్‌స్టాల్ అమ్మాయి దగ్గర దిద్దాను.

నిన్న వాణ్ణి లాక్కొచ్చాను.

"సరే పంతులమ్మా, కానివ్వు. తప్పు లేదని ఉంటే ఫొటోకి మేకు నేనే కొడతా" అని నవ్వాడు.

అద్దం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాను. మొదటి వరుస సగమైనా కాలేదు, వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"చాల్లేమ్మా. ఉంది. నువ్వు చెప్పినట్టే ఉంది. పద ఇంటికి."

వెళ్లగానే మేకు కొట్టాడు. ఫొటో తగిలించి, నావైపు తిరక్కుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఇవాళ పొద్దున ఒక్కదాన్నే వెళ్లి తీరిగ్గా మిగతాది చదివాను.

'నా భర్త రోజూ తాగేవాడు, ఆ సాయంత్రం కూడా తాగే డ్యూటీకి వెళ్లాడు, ఇది నా ఇష్టపూర్వకంగా చెబుతున్నాను' అన్న మాటల కింద నల్లగా నా బొటనవేలు ఉంది.

(సంతకం)
పాయింట్స్‌మన్ భార్య, యాభై ఎనిమిదేళ్లు, స్టేషన్ వెనక సందులో కొడుకింట్లో.