ఇంటికో చింతబరికె

ఆ రోజు ఆ ఇంట్లో పద్మనాభయ్య, ఆయన తల్లి ఆదిశేషమ్మ, అర్జీ పని మీద వచ్చిన హజరత్తయ్య, ఆయన వెంట వచ్చిన వెంకయ్య, అందరికీ మజ్జిగ ఇచ్చి తలుపు వారన నిలబడిన పద్మనాభయ్య కూతురు కామాక్షి ఉన్నారు.

అర్జీ బడి అయ్యవారు సంజీవరావు మీద.

ఆయన విడవలూరు దగ్గరి ఆ ఊరికి బదిలీ మీద వచ్చి ఆరు నెలలయింది. తల్లి లేని కూతురితో ఊరి చివర పూరింట్లో ఉంటున్నాడు. ఆ పిల్ల గడప దాటడం ఎవరూ చూడలేదు.

ఆయన చేసిన తప్పు ఒకటే. కొట్టడు.

బడి తెరిచిన రోజు పిల్లల చేత ఇంటికో చింతబరికె పంపడం ఆ ఊరి వాడుక. కొట్టి చదువు చెప్పమని దాని అర్థం.

సంజీవరావు బరికెలన్నీ తీసుకున్నాడు. వాటితో బడి వెనక కాకరపాదుకు పందిరి వేశాడు.

“నా బరికె మీద కాకరకాయలు కాసినాయన్నా! నా కొడుక్కి మాత్రం ఒక్క ఎక్కం రాలా” అన్నాడు హజరత్తయ్య.

“కూరకైనా పంపినాడా?” అన్నాడు వెంకయ్య.

“నవ్వబాక. మొన్న లెక్కల గంటలో పిల్లల్ని నా వరి కయ్య గట్టు మీదికి తోలుకపోయినాడు. తాడేసి కయ్య కొలిపించినాడు. ఆడనే కప్పను చూపించి సైన్సన్నాడు. ఆడనే పద్యం చెప్పినాడు. ఏ పాఠానికి ఆ పాఠం అనే హద్దే లేదు ఆ మనిషికి.”

“ఎందుకు కొట్టవయ్యా అని నేనూ అడిగినా” అన్నాడు పద్మనాభయ్య. “తల దించుకొని, ‘నాకు చేతగాదండీ’ అంటాడు. చేతగానోడికి బడెందుకు?”

ముగ్గురూ కామాక్షి వైపు చూశారు.

“రామ్మే, కూర్చో. నీ చేతిరాత అచ్చేసినట్టుంటాది. రాయి” అన్నాడు పద్మనాభయ్య.

ఆ చేతిరాత సంజీవరావు వల్ల వచ్చిందే. ‘రోజుకో పేజీ రాయమ్మా. నేను అడగను, దిద్దను. ఎవరూ చూడకపోయినా చేసే పనే క్రమశిక్షణ’ అన్నాడు ఆయన. ఈ ఆరు నెలల్లో ఆమె ఒక్క రోజూ తప్పలేదు.

“నేను రాయను నాయనా” అంది. ఆ మాట పక్కనున్న అవ్వకే సరిగ్గా వినపడలేదు.

పద్మనాభయ్యకు వినపడింది.

“రాయబాక. రేపట్నించి బడికీ పోబాక. పరీక్షా లేదు, పాడూ లేదు.”

ఎనిమిదో తరగతి పరీక్షకు మూడు నెలలే ఉంది. అది రాయకపోతే హైస్కూలు లేదు.

“పెద్దోళ్ళు చెప్తే చెయ్యాల. ఆడపిల్లకి అంత మొండితనం ఏందే?” అంది ఆదిశేషమ్మ.

కామాక్షి కాగితం ముందు కూర్చుంది.

“పిల్లకాయలకి భయం లేకుండా పోయిందని రాయి” అన్నాడు హజరత్తయ్య.

“భయమంటే చిన్న మాట. ఆఫీసుకి పోయే కాగితం. పెద్ద మాట పడాల” అన్నాడు వెంకయ్య.

ఎవరికీ తోచలేదు. మజ్జిగ గ్లాసులు ఖాళీ అయ్యాయి.

“క్రమశిక్షణ” అంది కామాక్షి, తల ఎత్తకుండా.

“అదీ మాట! ఈ అయ్యోరికి క్రమశిక్షణంటే ఏందో తెలవదని రాయి” అన్నాడు వెంకయ్య.

రాసింది. ఒక్క కొట్టివేత లేకుండా రాసింది.

నెల తిరక్కముందే బదిలీ ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు పైఆఫీసు వాళ్ళు ఆ అర్జీనే సంజీవరావుకు పంపి సంజాయిషీ అడిగారు. ఆయన ఏమీ రాయలేదు.

ఆఖరి రోజు క్లాసులో ఆయన మొదటిసారి కామాక్షి కాపీ పుస్తకం అడిగి తీసుకున్నాడు. పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగి, అందులోని అక్షరాలనే చూశాడు.

“బాగుందమ్మా. మానొద్దు” అని తిరిగి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే కామాక్షి ఎవరికీ చెప్పకుండా ఆయన ఇంటికి పోయింది. తన ఈడు పిల్లే తలుపు తీసింది.

“అయ్యోరు ఉండారా?”

ఆ పిల్ల రెండు చెవులూ చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. లోపల్నించి పలక, బలపం తెచ్చి ఇచ్చింది.

కామాక్షి రాసింది. “అయ్యవారు ఏరి?”

“బండి కోసం పోయినాడు” అని ఆ పిల్ల రాసింది.

నోటితో ఎన్నడూ అనలేని మాట కామాక్షికి పలక మీద వచ్చింది. “ఆయన పోవడం నాకు ఇష్టం లేదు. ఎందుకు కొట్టరో ఒక్కరికైనా చెప్పి ఉంటే ఇట్లా జరిగేది కాదు.”

ఆ పిల్ల చదివింది. చదవడం అయినాక కూడా అక్షరాలనే చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికి పోయి, మడిచిన కాగితం ఒకటి తెచ్చి పలక పక్కన పరిచింది.

అర్జీ.

పలక మీదా కాగితం మీదా ఒకటే చేతిరాత. కామాక్షి నోరు తెరిచింది. తెరిచినా ఆ పిల్లకు వినపడదు.

ఆ పిల్ల పలకను అరచేత్తో తుడిచింది. ఈసారి పలక నిండా రాసింది.

“నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఎక్కం తప్పినానని మా నాయన రెండు చెవుల మీదా కొట్టినాడు. చీము పట్టి రెండూ పోయినాయి. అప్పట్లో అంత క్రమశిక్షణ గల అయ్యవారు ఇంకొకరు లేరని, ఊళ్ళవాళ్ళు అర్జీలు పెట్టి మరీ ఆయన్ని పిలిపించుకొనేవాళ్ళు.”

కామాక్షి కళ్ళు ఆఖరి మాటకు వచ్చేదాకా పలకను ఎత్తి పట్టుకొని, ఆ పిల్ల తలుపు వేసేసింది.