ఉఫ్!

మా కామెడీ కార్టూన్ సిరీస్‌ని రాసేదీ గీసేదీ యంత్రమే. తప్పులు పట్టడానికి మిగిలిన మనిషిని నేనొక్కదాన్నే. ఈ నెల ఒక్క తప్పయినా దొరక్కపోతే నా ఉద్యోగం ఊడినట్టే.

ఇవాళ్టి ఎపిసోడ్‌లో హీరో పాత వీడియో గేమ్ క్యాసెట్‌ని ఉఫ్ ఉఫ్‌మని ఊదుతున్నాడు. దాంట్లోంచి పొగలొస్తున్నాయి.

“పొగలెందుకు?” అన్నాను.

“కాలుతోంది కదండీ సౌదామినిగారూ! అప్పట్లో అందరూ ఊదాకే క్యాసెట్ లోపల పెట్టేవారుగా,” అంది యంత్రం.

దొరికింది!

“కాలడం కాదు నాయనా, దుమ్ము! ఊదితేనే గేమ్ వచ్చేది.”

“ఊదితే వచ్చేదా? అదెలా...” అంటూనే యంత్రం ఆగిపోయింది. తెర మీద హీరో బుగ్గలు పూరించుకుని అలాగే ఉండిపోయాడు.

చిన్నప్పటి అలవాటు. వంగి, తెర అంచున ఉఫ్‌మని ఊదాను.

హీరో కదిలాడు.

“వచ్చిందండీ!” అంది యంత్రం. “రేపు కూడా రండి.”