జిగురు పొర

"గ్యాసని చెప్పి పంపిస్తే ఆ డాక్టరు గొడ్డుకు మేత రాసినట్టు రాసినాడేంది?" హెన్రీ కాయితాన్ని పళ్లెం పక్కకు విసిరాడు. "సంగటంట, జొన్నరొట్టెంట. నా వల్ల కాదు."

"వల్ల కాకపోతే ఎట్లారా? నెల రోజుల్నించీ తేన్పులతో ఇల్లంతా మోగిస్తా ఉండావు" అంది తల్లి ఓబమ్మ.

వంటింట్లో కోడలు కరుణశ్రీ పెనం మీద దోసె తిరగేసింది. ఆత్మకూరు నుంచి వచ్చి ఉదయగిరిలో బస్సు దిగి అరగంట కాలేదు. ఆసుపత్రి బెంచీ మీద మూడు గంటలు కూర్చున్న నడుము పొయ్యి ముందు నిలబడనంటోంది. చీర కూడా మార్చుకోకుండా దోసెలు పోస్తోంది.

హెన్రీకి స్కూలు వదిలి రావడం కుదరదు. అందుకని ఎప్పుడూ జబ్బు ఆయనది, బస్సెక్కేది ఆమె. ఏం బాధో భార్యకు చెప్పి పంపిస్తాడు. ఆమె డాక్టరుకు చెప్పి మందులు తెస్తుంది.

"సరిగ్గా చదవ్వే" అంది ఓబమ్మ మనవరాలితో. ఇంటర్ చదువుతున్న షైనీ, డాక్టరు టిక్కులు పెట్టిన ఆ అచ్చు కాయితం తీసుకుంది.

"రాగులు, జొన్నలు, ఆకుకూరలు, చిక్కుళ్లు. రోజూ పెరుగో మజ్జిగో. ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ ఒక నెల. పేగు గోడకి లోపల జిగురు పొర ఉంటాదంటవ్వా. చెడ్డ క్రిములు గోడకి తగలకుండా అదే అడ్డం. లోపలుండే మంచి బ్యాక్టీరియాకి పీచు పెడితే ఆ పొర బాగుంటాది. పెట్టకపోతే అవి ఆ పొరనే తినేస్తాయంట."

"మన కడుపులో ఉండి మననే తింటాయా!"

"వాటికి మాత్రం ఆకలి కాదా అవ్వా?"

కరుణశ్రీ ఇంకో దోసె తెచ్చి హెన్రీ పళ్లెంలో వేసింది.

"కింద పెన్నుతో కూడా రాసుండాడు డాడీ. ఖాళీ కడుపున నొప్పి బిళ్లలు మింగొద్దంట."

"నేనెప్పుడు మింగినాను?"

"మధ్యాహ్నం దాకా టీ నీళ్లతో ఉండొద్దంట. పొద్దున ఎనిమిదిలోపే తినమన్నాడు."

"ఏడున్నరకే ఆరిడ్లీలు తిని పోతాను గదా!" హెన్రీ వంటింటి వైపు తిరిగాడు. "కరుణా, ఏం చెప్పినావు ఆయనకి?"

"మిగిలిందాంతో సరిపెట్టుకోవద్దంట" షైనీ నవ్వు ఆపుకోలేకపోయింది. "అవ్వా, డాడీ ఎప్పుడన్నా ఏమన్నా మిగిల్చినాడా?"

"వాడి డాక్టరు చదువు తగలబడ!" అంది ఓబమ్మ. "ఒక్క ముక్క కూడా మావాడికి అతకలా. నువ్వు ఇంకోడి గురించి చెప్పొచ్చినావా ఏంది కోడలా?"

"వీడొద్దు" అన్నాడు హెన్రీ, చట్నీ అందుకుంటూ. "సోమవారం నెల్లూరు పో. పెద్ద డాక్టర్లుంటారు. ఈసారన్నా నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఆ క్యాప్సూల్స్ ఇట్లియ్యి, అవన్నా మింగుతా."

కరుణశ్రీ స్టవ్ ఆపేసింది. పెనం మీదున్న దోసెను తన పళ్లెంలో వేసుకుని వచ్చి, వాళ్ల మధ్యలో చాప మీద కూర్చుంది. ముగ్గురూ ఆమె వైపు చూశారు. క్యాప్సూల్స్ అట్ట పళ్లెం కింద పెట్టుకుంది.

"సోమవారం నేను పోను. మిమ్మల్నే రమ్మన్నాడు ఆత్మకూరు డాక్టరు. మనిషిని చూడకుండా మందు రాయడంట" అంది, గొంతు పెంచకుండా. దోసె తుంచి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగింది.

"రేపట్నించి పొద్దున ముందు నేను తిని, ఆ తర్వాత మీకు వడ్డిస్తాను. ఆ కాయితం నాది."